వానాకాలంలో ఎరువు గుళికలు గడ్డకడుతున్నాయి: పూత ఏది వేయాలి, ఎలా వేయాలి?

ప్రశ్న: గుళికల యూనిట్, జడ్చర్ల

పెద్దలందరికీ నమస్కారం. జడ్చర్ల దగ్గర మాకు గంటకు 5 టన్నుల మిశ్రమ ఎరువు గుళికలు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. టన్ను సరుకులో సుమారు 400 కిలోలు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, మిగిలినది యూరియా, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, బరువు సరిపెట్టడానికి కొంత ఫిల్లర్ పొడి. పొడులను డ్రమ్ములో నీటి జల్లుతో గుళిక కట్టించి, డ్రయర్‌లో ఆరబెట్టి, చిన్న కూలర్ గుండా పంపి, 50 కిలోల బస్తాలకు ఎత్తుతాము. జల్లెడ కూలర్ కంటే ముందే ఉంది. పూత పేరుతో ప్రస్తుతం చేస్తున్నదల్లా, బెల్టు మీద పోతున్న గుళికలపై ఒక మనిషి నిలబడి టన్నుకు 20 కిలోల లెక్కన చైనా క్లే (సన్నని తెల్ల మట్టి పొడి) పారతో చల్లడమే.

ఎండాకాలంలో ఏ ఫిర్యాదూ రాదు. గత జులైలో మాత్రం దేవరకొండ వైపు డీలర్ ఒకరు ఫోన్ చేసి, "మీరు పంపింది ఎరువా, కంకరా?" అని అడిగారు. వెళ్లి చూశాను. 18 బస్తాల ఎత్తున పేర్చిన దొంతరలో పై నాలుగైదు వరుసలు బాగానే ఉన్నాయి. అడుగు బస్తాలు మాత్రం సంచి కోసి తీసేసినా సంచి ఆకారంలోనే నిలబడ్డాయి. హమాలీలు కర్ర సుత్తితో కొడితే గడ్డ పగిలింది గానీ, గుళికలు ఒకదాని నుంచి ఒకటి విడిపోలేదు. చాలాచోట్ల గుళికే రెండుగా చీలింది. చీలిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే, రెండు గుళికలు ఆనుకున్న చోట పటిక ముక్కలాగా మెరిసే సన్నని తెల్లని అతుకు కనిపించింది. మా చైనా క్లే మాత్రం అతుకు దగ్గర లేదు, బస్తా అడుగున పిడికెడు పొడిగా చేరి ఉంది.

ఈసారి వానలకు ముందే సరైన పూత పెట్టాలని అనుకుంటున్నాను. నూనెలో కరిగించిన అమీన్ అనే మైనం లాంటి రసాయనం వేస్తే గడ్డకట్టదని ఒక సరఫరాదారు చెబుతున్నారు. అది నిజమేనా, ఎంత వేయాలి, ఎలాంటి డ్రమ్ము కావాలి అన్నది మొదటి సందేహం. తాండూరు నాపరాళ్ల పాలిష్ పొడి, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిద, మా చుట్టుపక్కల క్రషర్లలో దొరికే క్వార్ట్జ్ పొడి చవక కాబట్టి చైనా క్లేకు బదులు వాడవచ్చా అన్నది రెండోది. ఉప్పు ప్యాకెట్లలో పొడిపొడిగా ఉండటానికి ఏదో కలుపుతారని, యూరియాకు ఎలాగూ వేపనూనె పూత ఉంటుందని విన్నాను. ఆ దారిలో మాకు పనికివచ్చేది ఏమైనా ఉంటే అదీ చెప్పగలరు.

జవాబు: పాత ప్లాంట్ మనిషి

నేను సముద్రతీరంలోని ఒక కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారంలో ఉత్పత్తి విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు నల్లగొండలో స్థిరపడ్డాను. మీరు పూత గురించి అడిగారు గానీ, నేను ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: బస్తా కుట్టే సమయానికి గుళిక వేడి ఎంత? మీ ఉత్తరంలో అన్ని కొలతలూ ఉన్నాయి, ఆ ఒక్కటే లేదు.

మీరు చూసిన ఆ మెరిసే అతుకే అసలు ముద్దాయి. గుళిక ఉపరితలం మీద ఉన్న పిసరంత తడిలో లవణం కరిగి ఉంటుంది; బస్తా చల్లబడినా, తడి ఆరినా ఆ లవణం తిరిగి స్ఫటికంగా మారుతూ పక్క గుళికకు వంతెన కడుతుంది. యూరియా విషయంలో ఇది మరీ తీవ్రం, ఎందుకంటే 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 250 గ్రాముల యూరియా కరుగుతుంది, 20 డిగ్రీల వద్ద 108 గ్రాములే కరుగుతుంది. అంటే వేడి బస్తా కుట్టి గోదాములో పడేస్తే, బయటి తేమ ఒక్క చుక్క చేరకపోయినా, లోపలున్న తడే చల్లబడుతూ తాను మోస్తున్న యూరియాలో సగానికి పైగా గుళికల మధ్య వదిలేస్తుంది. పై వరుసలు బాగుండి అడుగువి గట్టిపడటానికి కారణం బరువు: అడుగు బస్తా మీద 17 బస్తాలు, అంటే 850 కిలోలు ఉన్నాయి, ఆ ఒత్తిడికి గుళికలు కొద్దిగా నొక్కుకుపోయి, ఆనుకునే వైశాల్యం పెరిగి, వంతెన వెడల్పు అవుతుంది. మా కర్మాగారంలో 45 డిగ్రీలు దాటిన సరుకును బస్తాకు ఎత్తనిచ్చేవారు కాదు, వానాకాలంలో 40 దగ్గర ఆపేవారు.

రెండో సంగతి మీ ఫార్ములాలోనే ఉంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లోని మోనో కాల్షియం ఫాస్ఫేట్ తనలో ఒక నీటి అణువును పట్టుకుని ఉంటుంది. యూరియా తగిలినప్పుడు అది యూరియాతో కొత్త సంయోగం ఏర్పరచి ఆ నీటిని బయటికి తోసేస్తుంది. 16 శాతం భాస్వరం ఉన్న సూపర్‌లో ఈ చర్య పూర్తిగా జరిగితే టన్నుకు సుమారు 20 కిలోల నీరు వెలువడుతుంది. మీరు 400 కిలోలు వాడుతున్నారు కాబట్టి మీ టన్ను సరుకులో 8 కిలోల దాకా నీరు డ్రయర్ దాటిన తర్వాత కూడా పుట్టే అవకాశం ఉంది. పైన వేయబోయే నూనె కిలో, లోపల పుడుతున్న నీరు 8 కిలోలు. ఈ లెక్క సరిచేయకుండా ఏ సరఫరాదారు మాట విన్నా డబ్బు దండగ. గుళికలను డ్రయర్ నుంచి తీసి, నేరుగా బస్తాకు ఎత్తకుండా, పొడిగా ఉన్న షెడ్డులో కుప్పగా కనీసం వారం రోజులు మగ్గనివ్వండి. చర్యలో ఎక్కువ భాగం అక్కడే జరిగిపోతుంది, కుప్ప కొంత గట్టిపడినా అది మీ చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాత కుప్పను చెదరగొట్టి, జల్లెడ పట్టి, అప్పుడు పూత వేసి బస్తాకు ఎత్తండి.

జల్లెడ పూతకు ముందే ఎందుకంటే, అందులో ఒక లెక్క ఉంది. 3 మిల్లీమీటర్ల గుళికలు ఒక కిలో తీసుకుంటే వాటి మొత్తం ఉపరితలం సుమారు 1.3 చదరపు మీటర్లు. అర మిల్లీమీటరు నలుసులు ఒక కిలోలో 8 చదరపు మీటర్లు. సరుకులో నలుసు పదో వంతు ఉన్నా, మీరు వేసిన నూనెలో దాదాపు 40 శాతం ఆ నలుసే తాగేస్తుంది. మీ జల్లెడ కూలర్ ముందు ఉన్నది కాబట్టి, కూలర్‌లో దొర్లి రాలిన నలుసంతా ఇప్పుడు బస్తాలోకే పోతోంది.

ఇక పూత. మేము వాడినది స్టియరిల్ అమీన్ వంటి కొవ్వు అమీన్‌ను మినరల్ ఆయిల్‌లో కలిపి, 70 నుంచి 80 డిగ్రీలకు వేడిచేసి పిచికారీ చేయడం, ఆ వెనుకనే కొద్దిగా టాల్క్ గానీ చైనా క్లే గానీ పడనివ్వడం. నూనె మిశ్రమం టన్నుకు కిలో అటూ ఇటూ, పొడి 3 నుంచి 5 కిలోలు. మీరు 20 కిలోలు పోస్తున్నారు, అందులో అధిక భాగం రాలిపోతోంది. పట్టి ఉంచే నూనె లేని పొడి గుళిక మీద నిలవదు. పైగా 2 శాతం మట్టి పోసిన ప్రతి టన్నులో పోషకాలు 2 శాతం పలచబడతాయి. ఇన్‌స్పెక్టర్ నమూనా తీసిన రోజు ఆ తేడా మీ మెడకే చుట్టుకుంటుంది.

డ్రమ్ము విషయానికి వస్తే, గంటకు 5 టన్నులకు 1.2 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు చాలు. అందులో పదో వంతు నిండి ఉంటే సుమారు 300 కిలోలు పడతాయి, అంటే ప్రతి గుళికా మూడున్నర నిమిషాలకు పైగా లోపల దొర్లుతుంది. గుళికలు గోడకు అతుక్కుని తిరిగే సంకట వేగాన్ని 42.3ను మీటర్లలో వ్యాసపు వర్గమూలంతో భాగించి కనుక్కుంటాము. మీ డ్రమ్ముకు అది నిమిషానికి 38 నుంచి 39 చుట్లు. అందులో 40 శాతం, అంటే 15 చుట్లు పెట్టండి. లోపల గోడకు లిఫ్టర్లు, అంటే ఎత్తే రెక్కలు, వద్దే వద్దు. లిఫ్టర్ గుళికలను ఎత్తి పడేస్తుంది, మనకు కావలసింది పరుపులా దొర్లడం. సరుకు బయటికి వచ్చే అంచున 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు ఉంగరం వెల్డింగ్ చేయిస్తే పరుపు లోతు నిలుస్తుంది. నాజిల్‌ను మొదటి మూడో వంతులో, దొర్లుతున్న పరుపు మీదికే గురిపెట్టాలి. ఖాళీ గోడ మీద పడిన నూనె పొడితో కలిసి చపాతీలా పేరుకుంటుంది.

ఫార్మా వాళ్ల ఫ్లూయిడ్ బెడ్ కోటర్ పెట్టవచ్చు కదా అని మందుల కంపెనీలున్న మీ పోలేపల్లి సెజ్ వైపు ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 1950ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేల్ వుర్స్టర్ రూపొందించిన ఆ పద్ధతి చాలా అందమైనది, ఒక్కో గుళికను గాలిలో తేలుస్తూ సమంగా పూత పూస్తుంది. కానీ కిలో వేలల్లో అమ్మే మందుకు సరిపోయే ఖర్చు బస్తాల్లో అమ్మే ఎరువుకు సరిపోదు.

జవాబు: ఎరువుల దుకాణం, మిర్యాలగూడ

పై జవాబులో ఇంజనీరు గారు చెప్పినది కాదనను గానీ, అమ్ముకునే మా వైపు నుంచి కూడా కొంత వినాలి అన్నా. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదిలే రోజులకు మా గోదాములో సరుకు నిండుగా ఉంటుంది, వానలూ అప్పుడే. నూనె పూత వేసిన ఒక యూనిట్ సరుకు నేను రెండేళ్ల కిందట దించుకున్నాను. గడ్డకట్టలేదు, నిజమే, కానీ సంచుల మీద నూనె మరకలు తేలి, కొన్న రైతులు "ఇది పాత సరుకు, తడిసింది" అని పక్కకు పెట్టారు. పొడి పూత ఎక్కువైన సరుకుతో మరో రకం బాధ ఉంది. బస్తా తిప్పి పోస్తే ముక్కుల్లోకి దుమ్ము లేస్తుంది, విత్తనంతో పాటు ఎరువు వేసే గొర్రు గొట్టాల్లో ఆ దుమ్ము తడి తగిలి పేరుకుని సాలులో సగం దూరం ఎరువే పడదు. పత్తి రైతు ఆ సంగతి మొలక వచ్చాక గాని గమనించడు, అప్పుడు తిట్టేది మమ్మల్ని.

నా అనుభవంలో అన్నిటికంటే పనిచేసింది నేసిన ప్లాస్టిక్ సంచి లోపల పాలిథీన్ లైనర్. లైనర్ ఉన్న బస్తా, లేని బస్తా ఒకే దొంతరలో ఉంటే తేడా కళ్లకు కడుతుంది. రెండోది పేర్పు. మేము ఇప్పుడు నేల మీద చెక్క పలకలు పరచి, గోడకు జానెడు దూరం వదిలి, వానాకాలంలో 10 బస్తాలకు మించకుండా పేర్చుతున్నాము. రేకుల కప్పు కింద పగలు వేడెక్కిన గాలి తెల్లవారుజామున చల్లబడి పై వరుసల మీద నీటి బొట్లుగా రాలడం నేను స్వయంగా చూశాను కాబట్టి, దొంతర మీద టార్పాలిన్ కప్పడం కూడా తప్పనిసరి చేశాను. ఖరీదైన రసాయనం కంటే ముందు ఈ చవక పనులు చేయమని నా మాట.

ఊక బూడిద గురించి అడిగారు కదా. మా ఊళ్లో అది కావలసినంత దొరుకుతుంది, ఒకాయన కలిపి చూశాడు కూడా. సరుకు నల్లబడింది, నాలుగు రోజులకు గోదాము తలుపు తీస్తే కళ్లు మండేంత అమ్మోనియా వాసన వచ్చింది. ఎందుకో చదువుకున్నవారు చెప్పాలి.

జవాబు: రసాయన పాఠాలు, నల్లగొండ

కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే వాడిని. అమ్మోనియా వాసన సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే జడ్చర్ల వారు అడిగిన చవక పొడుల్లో రెండింటికి అదే జవాబు. ఊక బూడిదలో సిలికా ఎక్కువ, నిజమే, కానీ దానితో పాటు పొటాషియం కార్బొనేట్ వంటి క్షార లవణాలు ఉండటం వల్ల దాని తడి స్వభావం క్షారమే. అమోనియం సల్ఫేట్, డీఏపీ వంటి అమోనియం లవణం ఏది ఉన్నా, తడి తగలగానే క్షారం దాని నుంచి అమ్మోనియాను వెళ్లగొడుతుంది. తాండూరు నాపరాయి పొడి కాల్షియం కార్బొనేట్. అదీ ఇదే పని చేస్తుంది, అదనంగా సూపర్‌లోని నీటిలో కరిగే భాస్వరాన్ని కరగని రూపంలోకి మార్చే దిశగా నెడుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజనిని గాలిలోకి, భాస్వరాన్ని మట్టిలోకి పంపే పొడి చవకైనది ఎలా అవుతుంది?

మహబూబ్‌నగర్, రంగారెడ్డి ప్రాంతాల క్వార్ట్జ్ పొడి రసాయనపరంగా ఏ చర్యా చేయదు, కానీ అది వద్దనడానికి వేరే బలమైన కారణం ఉంది. పూతకు కావలసిన పొడి చైనా క్లే, టాల్క్ లాగా పలుచని రేకులుగా ఉండి గుళికను కప్పాలి. క్వార్ట్జ్ రవ్వ కోణాలుగా ఉండి నిలవదు. అంతకంటే ముఖ్యం, ఆ సన్నని స్ఫటిక సిలికా ధూళిని రోజూ పీల్చే మనిషికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, వచ్చిన తర్వాత నయం చేసే మందు లేదు. బెల్టు పక్కన పార పట్టుకుని నిలబడే మీ కూలీని గుర్తుంచుకుని ఈ పొడి ఆలోచన మానుకోండి. ఇప్పుడు వాడుతున్న చైనా క్లేకు కూడా మాస్కు ఇవ్వాలి.

ఉప్పు సంగతి ఆసక్తికరమైనది. టేబుల్ సాల్ట్‌లో గడ్డకట్టకుండా వాడే పదార్థాల్లో సోడియం ఫెర్రోసయనైడ్ ఒకటి, ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 535 అని ఉంటుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం ఫెర్రోసయనైడ్లు ఉప్పులో కిలోకు 14 మిల్లీగ్రాములకు మించరాదు, అంటే అది ఉప్పు రవ్వను కప్పే పూత కానే కాదు, కప్పడానికి అంత పదార్థమే లేదు. ఉప్పు స్ఫటికం పెరిగే ముఖం మీద ఆ అయాన్ కూర్చుని, ఘనంగా పెరగవలసిన స్ఫటికాన్ని చెట్టుకొమ్మలా పెళుసుగా పెరిగేలా చేస్తుంది. అందువల్ల రవ్వల మధ్య వంతెన ఏర్పడినా వేలు తగిలితే రాలిపోతుంది. ఈ తాళంచెవి సోడియం క్లోరైడ్ తాళానికి సరిపోయేది. యూరియాతో వంతెన కట్టే మీ గుళికకు దాన్ని తెచ్చి వేస్తే ప్రయోజనం ఆశించలేము.

వేపనూనె పూత ఉద్దేశం కూడా వేరు. 2015 నుంచి దేశంలో తయారయ్యే సాగు యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి అయింది గానీ, మట్టిలో అమోనియం నుంచి నైట్రేట్ ఏర్పడే వేగాన్ని తగ్గించడానికి, ఎరువు పరిశ్రమలకు దారి మళ్లకుండా చూడటానికి దాన్ని పెట్టారు. గంధకపు పూత కూడా అటువంటిదే. అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ 1960ల్లో అభివృద్ధి చేసిన ఆ పద్ధతిలో కరిగించిన గంధకంతో గుళికను మందంగా కప్పుతారు, నత్రజని నెమ్మదిగా విడుదల కావడం దాని లక్ష్యం. మన దగ్గర యూరియా గోల్డ్ పేరుతో వచ్చిన ఎరువులో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉన్నాయంటే, గుళిక బరువులో పూత వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

అమీన్ పనితీరు వీటన్నిటికీ భిన్నం. దాని అణువుకు ఒక చివర నత్రజని ఉన్న తల, మరో చివర 18 కార్బన్ల కొవ్వు తోక. తల లవణ స్ఫటికాన్ని అంటిపెట్టుకుంటుంది, తోక బయటికి తిరిగి ఉంటుంది. అందువల్ల గుళిక ఉపరితలం కాస్త మైనం రాసినట్టు మారి, తడి సన్నని పొరగా పరుచుకోలేక చుక్కలుగా విడిపోతుంది, ఆ చుక్కల్లో పెరిగే స్ఫటికాలు కూడా బలహీనంగా ఉంటాయి.

ఇక్కడే ఇంజనీరు గారికీ మిర్యాలగూడ వారికీ ఉన్న తగువు తీరుతుందని అనుకుంటున్నాను. టన్ను గుళికల ఉపరితలం 1,300 చదరపు మీటర్లు ఉన్నప్పుడు, కిలో నూనె దాని మీద సమంగా పరిచినా మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా రాదు. అంత పలుచని పొర వంతెనలను బలహీనపరుస్తుంది, అంతేగాని గాలిలోని తేమను ఆపలేదు. 30 డిగ్రీల వద్ద యూరియా ఒంటరిగా ఉంటే గాలిలో తేమ 73 శాతం దగ్గరకు వచ్చేదాకా నీరు పట్టదు, పొటాష్ ఒంటరిగా ఉంటే 84 శాతం దాకా ఓర్చుకుంటుంది; రెండూ కలిపితే ఆ హద్దు 60 శాతానికి పడిపోతుంది. పాలమూరులో మే నెల మధ్యాహ్నాలు అంతకంటే ఎంతో పొడిగా ఉంటాయి, అందుకే ఎండాకాలంలో ఫిర్యాదు లేదు. జులై, ఆగస్టుల్లో ఉదయం పూట తేమ 80 శాతం దాటే రోజులు చాలానే ఉంటాయి, అప్పుడు మీ గుళిక రాత్రంతా నీరు తాగుతూనే ఉంటుంది. ఆ తేమను ఆపేది లైనర్, లోపలి తడి కట్టే వంతెనను బలహీనపరిచేది అమీన్. ఒకదాని పని రెండోది చేయదు.

ప్రసంగవశాత్తు ఒక హెచ్చరిక. మీ మిశ్రమంలో అమోనియం నైట్రేట్ లేదు కాబట్టి సరిపోయింది. ఎప్పుడైనా కలపాలనిపిస్తే ఈ నూనె పూతను యథాతథంగా అక్కడికి తీసుకుపోకూడదు, నైట్రేట్‌తో మండే పదార్థం కలవడం పేలుడు ప్రమాదం. పైగా నైట్రేట్, యూరియా కలిస్తే నీరు పట్టే హద్దు 18 శాతానికి దిగుతుంది, అంటే మే నెలలో కూడా ముద్దే.

జవాబు: పాత ప్లాంట్ మనిషి

మిర్యాలగూడ వారు చెప్పిన లైనర్ మాటను నేను మొదటి జవాబులోనే రాయవలసింది, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక షరతు: వేడి సరుకును లైనర్‌లో బిగించి కుడితే అది ఆవిరి బయటికి పోకుండా పట్టి ఉంచి, లేనిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. నూనె మరకలు రావడం మోతాదు ఎక్కువైనందుకో, చల్లని గుళిక మీద పెద్ద చుక్కలుగా పడినందుకో జరుగుతుంది.

జడ్చర్ల వారు డ్రమ్ము కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. 4 అంగుళాల పీవీసీ పైపును జానెడు ముక్కలుగా కోయించి, ప్రతి ముక్కనూ నిలువునా రెండుగా చీల్చి, క్లాంపులతో తిరిగి బిగించండి. అందులో గుళికలు నింపి, పైన చెక్క బిళ్ల పెట్టి, దాని మీద 20 కిలోల బరువు ఉంచండి. బస్తా పరుచుకునే చోటు ముప్పావు మీటరు పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, అడుగు బస్తా మీద చదరపు సెంటీమీటరుకు పావు కిలో బరువు పడుతుంది. ఆ పైపులో 20 కిలోలు అదే ఒత్తిడి ఇస్తాయి. పది రోజుల తర్వాత క్లాంపులు విప్పి, నిలబడిన ముద్దను తూకం యంత్రం మీద పెట్టి పైనుంచి అరచేతితో నొక్కుతూ, ఎన్ని కిలోల దగ్గర పగిలిందో చూడండి. పూత ఉన్నదీ లేనిదీ, వేడిగా నింపినదీ చల్లార్చినదీ పక్కపక్కన పెట్టండి. పూత వేయడానికి ఇప్పటికి చిన్న కాంక్రీటు మిక్సర్ చాలు, లోపలి రెక్కలు విప్పేసి వాడండి.

జవాబు: గుళికల యూనిట్, జడ్చర్ల

అందరికీ కృతజ్ఞతలు. నెల రోజులు పట్టింది గానీ, చెప్పినవన్నీ చేసి చూశాను. ముందుగా వేడి కొలిచాను: బస్తా కుట్టే చోట గుళికల మధ్యకు థర్మామీటరు దింపితే 58 డిగ్రీలు చూపింది. కూలర్ గాలి ఎందుకు చాలడం లేదని చూస్తే, ఫ్యాన్ ముందున్న జాలీ మీద దుమ్ము వేలు మందం కట్టి ఉంది. దాన్ని శుభ్రం చేయించినందుకే 9 డిగ్రీలు తగ్గింది. వారం రోజులు కుప్పలో మగ్గనిస్తే మిగిలినది తనంతట తానే 36 డిగ్రీలకు వచ్చింది.

పైపు పరీక్షలో, పాత పద్ధతిలో వేడిగా నింపి చైనా క్లే మాత్రమే చల్లిన ముద్ద 31 కిలోల దగ్గర పగిలింది. చల్లార్చి మగ్గబెట్టినది, ఏ పూతా లేకుండానే, 12 కిలోల దగ్గర పగిలింది. మగ్గబెట్టి, జల్లెడ పట్టి, అమీన్ నూనె కిలో, టాల్క్ 4 కిలోల లెక్కన వేసినది క్లాంపు విప్పగానే సగం కూలిపోయింది, మిగిలిన సగానికి 2 కిలోలు చాలాయి. అదే పూతను మగ్గబెట్టని సరుకు మీద వేసి చూస్తే 17 కిలోలు పట్టింది, అంటే ఇంజనీరు గారు చెప్పిన 8 కిలోల నీటి లెక్క నా కళ్ల ముందే కనిపించింది.

డ్రమ్ముకు ఆర్డర్ ఇచ్చాను. ఇప్పుడున్న చిక్కు నాజిల్. గంటకు 5 కిలోల నూనె అంటే నిమిషానికి 80 గ్రాములు కొద్దిగా పైన. మామూలు నాజిల్ ఇంత తక్కువకు జల్లుగా విచ్చుకోవడం లేదు, సన్నటిది పెడితే పావుగంటలో మూసుకుపోతోంది.

జవాబు: పాత ప్లాంట్ మనిషి

అంత చిన్న ప్రవాహానికి నూనె ఒత్తిడితో నడిచే నాజిల్ పనికిరాదు, కంప్రెసర్ గాలితో చీల్చే రెండు గొట్టాల నాజిల్ పెట్టండి. దాని రంధ్రం పెద్దదైనా గాలి వల్ల పొగమంచులా విచ్చుకుంటుంది. మూసుకుపోవడానికి కారణం మాత్రం రంధ్రం కాదు, చలి. ఆ మిశ్రమం 50 డిగ్రీల దగ్గరకు దిగిందంటే అమీన్ వెన్నలా పేరుకోవడం మొదలవుతుంది. ట్యాంకును వేడిచేసి గొట్టాన్ని ఒట్టిగా వదిలేసి ఉంటారు, చూడండి. ట్యాంకు నుంచి నాజిల్ కొన దాకా గొట్టానికి హీటింగ్ టేపు చుట్టి, పైన గ్లాస్ ఊలు కట్టించాలి, నాజిల్‌కు వచ్చే గాలిని కూడా వేడిచేయాలి, ఎందుకంటే చల్లని గాలి తగిలితే కొన దగ్గరే గడ్డకడుతుంది. పంపు ముందు సన్నని జాలీ ఫిల్టర్ రెండు పెట్టి, ఒకటి నడుస్తుంటే రెండోది కడగండి. షిఫ్టు ఆపే ముందు ఐదు నిమిషాలు అమీన్ కలపని వేడి నూనెను పంపి గొట్టం కడిగి ఆపితే, తెల్లారి వచ్చినవాడు నాజిల్ విప్పి సూదితో పొడవవలసిన పని ఉండదు. వేడి అమీన్ చర్మాన్ని, కళ్లను మండిస్తుంది, విప్పేవాడికి గ్లవ్స్, కళ్లద్దాలు ఇవ్వండి.